737లో స్పీడ్ కుదరకపోవడానికి కారణం
సెస్నా 172 (ఒకే ప్రొపెల్లర్ ఉన్న చిన్న విమానం) చక్కగా దించుతున్నా బోయింగ్ 737 జెట్ సిమ్యులేటర్‌లో చివర్లో స్పీడ్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయిపోతోందన్నారు కదా, అది సెస్నా అలవాటేనండీ. అందులో థ్రాటిల్ తోయగానే ప్రొపెల్లర్ లాగేస్తుంది. జెట్ ఇంజిన్ ఐడిల్ (అతి తక్కువ పవర్) నుంచి పుంజుకోవడానికి ఏడెనిమిది సెకన్లు పట్టొచ్చు, పైగా దాదాపు 60 టన్నుల బరువు 140 నాట్ల వేగంతో దిగుతుంటుంది, అది మీ మాట వెంటనే వినదు. అందుకే థ్రస్ట్ లివర్లని (జెట్‌లో థ్రాటిల్ ఇవే) ఐడిల్‌కి లాగేయకండి. కొంచెం కదిపి, ఆగి, ఎన్1 (ఇంజిన్ ముందు ఫ్యాన్ తిరిగే వేగం) చూసి, అప్పుడు మళ్లీ కదపండి. 1000 అడుగుల ఎత్తుకల్లా గేర్ (చక్రాలు), ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు), స్పీడ్ కుదరకపోతే గో అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకెళ్లడం), మొహమాటం వద్దు. ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు కాస్త ఎత్తడం) 20 అడుగుల దగ్గర రెండు మూడు డిగ్రీలు చాలు. సెస్నాలోలా ముక్కు ఎత్తి పట్టుకుంటే తోక రన్‌వేకి రాసుకునే ప్రమాదం ఉంది, జాగ్రత్త.