పాఠకుల ప్రశ్నలు: సాన్సేర్‌లో వైన్, చీజ్ రుచి చూడాలంటే

ప్రశ్న: పారిస్ నుంచి గైడుతో ఒకరోజు వైన్‌కు పేరున్న సాన్సేర్ ఊరికి వెళ్తున్నాం. మా ఆవిడ శాకాహారి. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు చీజ్ సంగతి. సాన్సేర్ పక్కనే ఉన్న షవిన్యోల్ ఊరి పేరుతో వచ్చే క్రొతాఁ అనే చిన్న గుండ్రని చీజ్‌ను పచ్చి మేకపాలతో చేస్తారు. ఫ్రెంచి సంప్రదాయ చీజ్‌లు చాలావాటిలో పాలు విరగడానికి వాడే రెన్నెట్ దూడ పొట్టలోంచి తీసిందే. కాబట్టి బుక్ చేసేటప్పుడే "జంతు రెన్నెట్ లేని చీజ్ ఉందా?" అని రాసి అడగండి. అక్కడికెళ్లాక అడిగితే అప్పటికప్పుడు వేరేది దొరకదు. గర్భిణులు పచ్చిపాల మెత్తని చీజ్ జోలికి పోకూడదు.

తినేటప్పుడు తాజాదానితో మొదలుపెట్టి బాగా ముదిరినదానికి వెళ్లండి. ముదిరేకొద్దీ చీజ్ గట్టిపడి, ఘాటెక్కుతుంది. వరస తిరగబడితే తాజాదాని లేత పులుపు నాలుకకు తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తిన్నా అంతే. గంటసేపు బయట ఉంచాలి.

ఇక్కడి తెల్ల వైన్ సొవిన్యోఁ బ్లాఁ ద్రాక్షది, ఎరుపు, రోజే (గులాబీ రంగు వైన్) పినో నువార్‌వి. మేకచీజ్‌కు తెల్లదే నప్పుతుంది, దాని పులుపు చీజ్ కొవ్వును కోస్తుంది. మరీ చల్లగా ఇస్తే వాసన ముడుచుకుపోతుంది; 10–12 డిగ్రీలు చాలు. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి. ఆ రోజు సెంటు వద్దు, వైన్ వాసన తెలియదు.

రుచి చూసి పాత్రలో ఉమ్మేయడం అక్కడ మర్యాదే. ఆరేడు రకాలు మింగితే మధ్యాహ్నానికి తేడా పట్టలేరు. ఖాళీ కడుపుతో అసలు వెళ్లకండి.