గుండెలోకి 'దురాక్రమణ'!

సందేహం: గుండె వైఫల్యంతో ఐసీయూలో చేరిన మా బంధువు కోసం సంతకం పెట్టమని ఇచ్చిన అంగీకారపత్రంలో 'దురాక్రమణ హృదయ పర్యవేక్షణ' అని ఉంది. ఇన్వేసివ్ మానిటరింగ్‌కు ఇది సరైన మాటేనా?

సమాధానం: కాదు. ఆ 'దుర్' తగిలించగానే పాపం డాక్టరుగారు శత్రుసేనాధిపతి అయిపోయారు! నిఘంటువులో ఇన్వేషన్ పక్కన కనబడ్డ మాటను అతికించేశారు. లాటిన్ మూలంలో ఉన్నది లోపలికి వెళ్లడమే. అందుకు మనకు 'చొచ్చు' లేదా? చొచ్చె, చొరడు, చొరక అంటూ రూపం మార్చుకునే పాత ధాతువు. దాని సంతానం చొరబాటు, చొరవ, చొప్పించు. చొరబాటులో దొంగతనం ఉంది, చొరవలో ధైర్యం ఉంది, శరణుజొచ్చినవాడిలో రెండూ లేవు. ధాతువుకు స్వతహాగా పగ లేదన్నమాట. 'చొప్పించు'లోనైతే చేసేవాడి చెయ్యి కూడా కనిపిస్తుంది.

ఇక్కడ జరిగేదీ అదే. 1970లో స్వాన్, గాంజ్ అనే డాక్టర్లు లోకానికి తెలిపిన క్యాథెటర్‌ను, అంటే సన్నని గొట్టాన్ని, ఎక్కువగా మెడ సిరలోంచి చొప్పిస్తారు. కుడి కర్ణిక చేరాక కొనన ఉన్న బుడగలో 1.5 మిల్లీలీటర్ల గాలి నింపితే, రక్తప్రవాహమే దాన్ని జఠరిక దాటించి ఊపిరితిత్తుల ధమనిలోకి తీసుకుపోతుంది. అక్కడొక కొమ్మలో ఇరుక్కున్నప్పుడు కొలిచేదే వెడ్జ్ ప్రెషర్. ఎడమ కర్ణిక ఒత్తిడికి అది అంచనా. మామూలుగా 6–12 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. 18 దాటితే ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుందేమోనని చూసుకోవాలి. ఆ అంకెను ఊపిరి వదిలిన చివర చదవాలి. ఒత్తిడిని అంకెగా మార్చే పరికరం ట్రాన్స్‌డ్యూసర్‌ను నాలుగో పక్కటెముకల సందు ఎత్తులో, ఛాతీ మందంలో సగానికి పెట్టి సున్నా చేయాలి. అది 10 సెంటీమీటర్లు కిందికి జారితే అంకె ఏడు మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి మూత్రం మందు పెంచారా, బీపీ పడిపోతుంది. కొలిచాక బుడగలో గాలి తీసేయాలి. మరిచిపోతే ఆ మేర ఊపిరితిత్తికి రక్తం అందదు, ధమని చిట్లనూవచ్చు.

అలాగని వచ్చినవారందరికీ వేసేది కాదు. 433 మంది తీవ్ర రోగులపై జరిగి 2005లో వెలువడిన ఎస్కేప్ అధ్యయనంలో దీనివల్ల మరణాలు తగ్గలేదు. రోగి షాక్‌లో (బీపీ బాగా పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలో) ఉన్నా, మందులకు లొంగకపోయినా, ఒంట్లో నీరు ఎక్కువో తక్కువో తేలకపోయినా వేస్తారు. పని కాగానే తీసేస్తారు. ఆక్రమించినవాడు అంత మర్యాదగా లేచిపోతాడా?

'గొట్టం చొప్పించి గుండె ఒత్తిడి కొలవడం' అంటే సరిపోతుంది. పొడుగంటారా, 'చొప్పింపు కొలత' అనవచ్చునేమో. నా చెవికే ఇంకా పూర్తిగా పట్టలేదు, మీ చెవికి పడితే వాడండి. ఐసీయూలో 'స్వాన్‌గాంజ్ వేశాం' అంటారు, ఆ 'వేయు' కూడా చక్కనిదే. 'పర్యవేక్షణ' అధికారులకు వదిలేయండి, రోగిని మనవాళ్లు కనిపెట్టుకుని ఉంటారు.

నాన్‌ఇన్వేసివ్‌ను 'శస్త్రరహితం' అనడమూ పొరపాటే. ఈ క్యాథెటర్‌కు మాత్రం పెద్ద కోత ఎక్కడుంది? సూదితో దారి చేసి గొట్టం పంపుతారు. బీపీ పట్టీ, ఎకో లాంటివాటిని 'పైనుంచి చూసే పరీక్షలు' అంటే ఎవరికైనా తెలుస్తుంది.