ఆసుపత్రిలో సరుకు రోజూ ఉంటోందో లేదో ఎలా కొలవాలి?

ప్రశ్న: మా జిల్లా ఆసుపత్రిలో అత్యవసర మందులు, సామగ్రి 90 శాతం అందుబాటులో ఉన్నాయని రికార్డులు చెబుతున్నాయి. వెళ్లినవాళ్ల చేతుల్లో మాత్రం బయట కొనుక్కోమని రాసిచ్చిన చీటీలు కనిపిస్తున్నాయి. మేం నలుగురైదుగురం కలిసి దీన్ని సొంతంగా కొలవాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏదైనా యాప్ చేయించుకోవాలా?

జవాబు:

ఆ 90 శాతం అబద్ధం కాకపోవచ్చు. మీకు కనిపించిన చీటీలూ అబద్ధం కాదు. శాతం వేసినవాళ్లు పగటిపూట స్టోర్‌లో లెక్కపెట్టారు, చీటీ రాసినవాళ్లు రాత్రిపూట మంచం పక్కన నిలబడి రాశారు, అంతే తేడా. నేను కోస్తా జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం స్టోర్‌లోనే. రిజిస్టర్ రాసినవాడిని కాబట్టి అందులో ఏది పడుతుందో, ఏది పడదో చెప్పగలను.

ముందు సరుకు నడిచే దారి చూడండి. జిల్లాలోని సెంట్రల్ డ్రగ్ స్టోర్ నుంచి ఆసుపత్రి మెయిన్ స్టోర్‌కు వస్తుంది. వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్ ఇండెంట్ (ఏది ఎంత కావాలో రాసి పంపే కాగితం) పెడితే అక్కడి నుంచి వార్డుకు వెళ్తుంది. ఆన్‌లైన్ లెక్క చాలాచోట్ల మెయిన్ స్టోర్ దగ్గరే ఆగిపోతుంది. వార్డుకు ఇష్యూ చేయగానే ఆ మందు ఖర్చయిపోయినట్టే. ఆ తర్వాత అది పేషెంటుకు ఎక్కిందా, బీరువాలో ఉందా, పక్క వార్డువాళ్లు అప్పు పట్టుకెళ్లారా అన్నది ఏ కంప్యూటర్‌లోనూ కనిపించదు. అందుకే పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. స్టోర్‌లో వెయ్యి సెలైన్ బాటిళ్లున్నా, సాయంత్రం తాళం పడ్డాక క్యాజువాల్టీలో ఒక్కటీ లేకపోవచ్చు. స్టోర్‌లో నిల్ అని ఉన్న ఇంజెక్షను ఐసీయూ సిస్టర్ బీరువాలో భద్రంగా ఉండనూ వచ్చు. ఆమెను తప్పుపట్టలేం. అవసరానికి అడిగి లేదనిపించుకున్నవాళ్లు ఎవరైనా, దొరికినప్పుడు కాస్త దాచుకుంటారు. కాబట్టి మీరు లెక్కపెట్టాల్సింది వాడే చోట: లేబర్ రూమ్, క్యాజువాల్టీ, పిల్లల వార్డు.

అక్కడికి వెళ్లి 'క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) ఉందా?' అని అడిగితే ఉందనే అంటారు. డబ్బా తెరిచి చూడండి. అన్నీ గులాబీ రంగువే ఉంటాయి, అంటే 20 గేజివి (గేజి అంటే గొట్టం మందం కొలత), పెద్దవాళ్లకు పెట్టేవి. నెలల బిడ్డకు కావాల్సింది పసుపు రంగు 24 గేజి. విరేచనాలతో సొమ్మసిల్లిన పసివాడికి అసలు నరం దొరకడమే కష్టం, దానికి తోడు క్యాన్యులా కోసం తండ్రి రోడ్డవతల మెడికల్ షాపుకి పరుగెత్తాలి. రిజిస్టర్‌లో మాత్రం 'ఐవీ క్యాన్యులా: ఉంది'. సర్జికల్ గ్లోవ్స్‌ కథా ఇంతే. ఏడున్నర సైజు అట్టపెట్టెల కొద్దీ ఉంటుంది, ఆరున్నర ఎప్పుడో అయిపోయి ఉంటుంది. వేళ్ల చివర వదులుగా వేలాడే గ్లోవ్స్‌తో కుట్లు వేయాల్సిన లేడీ డాక్టర్లు విసుక్కోవడం నేను చాలాసార్లు విన్నాను. మీ కాగితంలో సైజు, గేజి, మోతాదు లేకపోతే ఆ లెక్క ఎందుకూ కొరగాదు.

నన్నడిగితే ఒక్కో వస్తువును విడివిడిగా లెక్కించడం కంటే ఒక్కో పనిని లెక్కించడం మేలు. డెల్టాలో నాట్ల రోజులు వచ్చాయంటే పాముకాటు కేసులు తప్పవు. దానికి విరుగుడు మందు, యాంటీ స్నేక్ వెనమ్, మొదటి మోతాదే మామూలుగా 8 నుంచి 10 వయల్స్, అంటే చిన్న సీసాలు. స్టోర్‌లో నాలుగు ఉంటే రిజిస్టర్ ప్రకారం 'ఉంది', కాటు తిన్న మనిషికి మాత్రం లేనట్టే. పది వయల్స్ ఉన్నా సరిపోదు. పొడి రూపంలో వచ్చేదైతే కలపడానికి స్టెరైల్ వాటర్ కావాలి, ఎక్కించడానికి సెలైన్, ఐవీ సెట్, క్యాన్యులా కావాలి, రియాక్షన్ వస్తే వెంటనే పొడవడానికి అడ్రినలిన్ పక్కనే ఉండాలి. అందుకని సిస్టర్‌ని ఇలా అడగండి: 'అమ్మా, ఇప్పటికిప్పుడు పాముకాటు కేసు వస్తే బయటికి ఎవర్నీ పంపకుండా మొదటి గంట నెట్టుకురాగలమా?' ఒక్కటి తగ్గినా జవాబు 'లేదు' అని రాసుకోండి.

ఇలా లెక్కిస్తే మీ ప్రశ్నలోని చిక్కుముడి కూడా విడిపోతుంది. ఒక పనికి ఐదు వస్తువులు కావాలి, ఒక్కోటీ 90 శాతం రోజుల్లో ఉంటోంది, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అయిపోతుంటాయి అనుకుందాం. ఐదూ ఒకేసారి ఉండే రోజులు 59 శాతమే. అధికారులు చెప్పే 90, మీరు చూస్తున్న చీటీలు రెండూ ఈ ఒక్క గుణకారంలో ఇమిడిపోతాయి.

ఆక్సిజన్‌కి ఇంకో రకం కొలత కావాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ రెండో వేవ్ అప్పుడు, ఆక్సిజన్‌ గురించి దేశమంతా గంటల్లో మాట్లాడింది, మళ్లీ సిలిండర్ల లెక్కలోకి వెళ్లిపోయాం. గంటల లెక్కే సరైనది. పెద్ద సిలిండర్, అంటే డి టైపు, నిండుగా ఉంటే సుమారు 7 క్యూబిక్ మీటర్లు, ఏడు వేల లీటర్లు. ఒక పేషెంటుకు నిమిషానికి 10 లీటర్లు పెడితే పన్నెండు గంటలు కూడా రాదు. మీటరు ముల్లు సగంలో ఉంటే ఆరు గంటల లోపే. ట్రాలీ మీద పెట్టే చిన్న బి టైపులో ఉండేది దాదాపు 1,500 లీటర్లు, నిమిషానికి 5 లీటర్ల చొప్పున ఐదు గంటలు. కాబట్టి 'సిలిండర్లు ఎన్ని?' అని కాకుండా, ముల్లు చూసి 'ఇంకెన్ని గంటలు?' అని రాయండి. సిలిండర్ తెరిచే స్పానర్ ఎక్కడుందో కూడా అడగండి, నవ్వకండి. నిండు సిలిండర్ పక్కనే పెట్టుకుని స్పానర్ కోసం వార్డు వార్డుకీ మనిషిని పంపిన సందర్భాలు చూశాను.

ఇక రోజుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెల్త్ యాక్షన్ ఇంటర్నేషనల్ కలిసి రూపొందించిన సర్వే పద్ధతి ఒకటుంది. సర్వేకి వెళ్లిన రోజున ఆ మందు ఎన్ని ఆసుపత్రుల్లో, షాపుల్లో దొరికిందన్నది అందులో శాతంగా చెబుతారు. రాష్ట్రాన్ని రాష్ట్రంతో పోల్చడానికి అది బాగానే పనికొస్తుంది. ఒక్క ఆసుపత్రిని పట్టుకుని కూర్చున్న మీకు మాత్రం చాలదు. ఒక మందు ప్రతి నెలా మూడు రోజులు ఉండటం లేదనుకోండి. నెలకొకసారి చొప్పున, ఏ తేదీ అన్న వరుస లేకుండా పది నెలలు వెళ్లినా, ఆ లోటు ఒక్కసారీ మీ కంటపడకుండా పోయే అవకాశం మూడింట ఒక వంతుకు పైగా ఉంటుంది. అందుకే స్టాక్ రిజిస్టర్ నుంచి 'లేని రోజులు' లెక్కతీయాలి. మీరు స్వయంగా వెళ్లేది ఆ రిజిస్టర్ నమ్మదగినదో కాదో చూసుకోవడానికి.

రిజిస్టర్ చదవడంలో ఒక మెలకువ చెబుతాను, మా వృత్తిలో అందరికీ తెలిసిందే. నిల్ పడితే పైనుంచి ఫోన్ వస్తుంది, ఎందుకు ముందే ఇండెంట్ పెట్టలేదని. ఆ టెన్షన్ లేకుండా ఉండటానికి చివరి స్ట్రిప్పు ఇవ్వకుండా అట్టిపెడతారు. బ్యాలెన్స్ గడిలో 10, 10, 10 అని వారాల తరబడి అదే అంకె కనిపిస్తుంది. రోజుకు రెండు వందల మాత్రలు పోయే చోట పది మాత్రల నిల్వ ఉంటే ఎంత, లేకపోతే ఎంత? అందుకని ఒక రోజు వాడకానికి సరిపోనంత నిల్వ ఉన్న ప్రతి రోజునూ మీరు 'లేదు' కిందే వేసుకోండి. ఈ ఒక్క మార్పుతోనే ఆసుపత్రి లెక్కకీ మీ లెక్కకీ మధ్య పెద్ద తేడా రావచ్చు. దాన్ని చూసి మోసమని అరవద్దు. సున్నాకి మాత్రమే సంజాయిషీ అడిగే చోట సున్నా కనబడదు.

ఇంతకంటే నష్టం చేసే లెక్క ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రోజుకు 30 పోతున్నాయి. నెల మొదట్లో 600 వచ్చాయి, ఇరవయ్యో రోజుకి అయిపోయాయి. నెలాఖరున వాడకం ఎంత అంటే 600 అని రాస్తారు. నిజంగా కావాల్సింది 900. కానీ వచ్చే నెల ఇండెంట్ పాత వాడకాన్ని బట్టే కాబట్టి మళ్లీ 600 వస్తాయి, మళ్లీ ఇరవయ్యో తేదీకి ఖాళీ. రికార్డు ప్రకారం ఎంత అడిగితే అంత వచ్చింది, వచ్చినదంతా వాడారు, వృథా లేదు, అంతా సవ్యం! వాడకాన్ని ముప్పై రోజులతో కాక, సరుకు ఉన్న ఇరవై రోజులతో భాగిస్తే రోజుకు 30 తేలుతుంది, నెలకు 900 అని బయటపడుతుంది. మీ బృందం ఇంకేమీ చేయలేకపోయినా, ఈ భాగహారాన్ని పది మందులకు చేసి సూపరింటెండెంట్ ముందు పెడితే అదే పెద్ద మేలు. ఇండెంట్ పెంచి అడగడానికి ఆయనకూ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

   

చీటీలు కూడా కొలవొచ్చు. రాసిన మందుల్లో ఎన్ని కౌంటర్‌లో చేతికి ఇచ్చారన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే ఒక సూచికగా పెట్టింది. గేటు దగ్గర నిలబడి, ఒప్పుకున్నవాళ్ల ఓపీ చీటీ చూసి, ఇచ్చినవి టిక్ పెట్టుకుంటే చాలు. కాకపోతే ఇందులో ఒక కిటుకుంది. చాలాచోట్ల ఫార్మసీ నుంచి ఓపీ డాక్టర్లకు ఈరోజు ఏమేం ఉన్నాయో జాబితా వెళ్తుంది. డాక్టరు అందులో ఉన్నదే రాస్తారు. పేషెంటుకు డబ్బు మిగిలిందని సంతోషించాలో, అసలు ఇవ్వాల్సిన మందు ఇవ్వలేదని బాధపడాలో తెలియదు, సూచిక మాత్రం వంద చూపిస్తుంది. అందుకని గేటు బయటి మెడికల్ షాపులో కూడా అడగండి, మర్యాదగా, పేర్లు అక్కర్లేదు. రాత్రి తొమ్మిది తర్వాత ఎక్కువగా ఏం పోతాయని అడిగితే అతను తడుముకోకుండా చెబుతాడు: యూరిన్ బ్యాగులు, ఐవీ సెట్లు, చిన్న క్యాన్యులాలు, కుట్ల దారం. ఆసుపత్రిలో రాత్రిళ్లు ఏం దొరకడం లేదో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఎన్ని వస్తువులు పెట్టుకోవాలి? జాతీయ అత్యవసర మందుల జాబితాలో 2022 లెక్క ప్రకారం 384 ఉన్నాయి. వాటి జోలికి పోకండి, రెండో వారానికే మీ బృందం చెల్లాచెదురవుతుంది. టాంజానియాలో 2009–10లో మూడు జిల్లాల్లోని 129 ఆరోగ్య కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. మలేరియా మందులు ఐదే ఐదు, వారానికోసారి ఎంత నిల్వ ఉందో ఎస్ఎంఎస్ చేయమన్నారు. మొదటి వారంలో ఏదో ఒక మందు అయిపోయిన కేంద్రాలు 78 శాతం, 21వ వారానికి అవి 26 శాతానికి దిగాయి. మందుల కర్మాగారాలేమీ కొత్తగా కట్టలేదు. ఎక్కడ లేదో వారం వారం పైవాళ్లకు తెలియడంతో, ఎక్కువున్న చోటు నుంచి లేని చోటుకు సరుకు కదిలింది. మీరు కాన్పు, పాముకాటు, పిల్లల విరేచనాలు, ఆయాసం అని నాలుగు పనులు పెట్టుకుని, ఒక్కోదానికి నాలుగైదు వస్తువులు రాసుకుంటే అదే చాలు. కాన్పు దగ్గర ఆక్సిటోసిన్ (కాన్పయ్యాక రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఇంజెక్షను) ఉంటే ఫ్రిజ్ తలుపు తీసి లోపలి థర్మామీటర్ కూడా చూడండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎక్స్‌పైరీ తేదీ చూడటం సరేసరి.

ఎప్పుడు వెళ్లాలన్నది వస్తువుల జాబితా కంటే ముఖ్యం. మంగళవారం పదకొండింటికి ఏ ఆసుపత్రైనా బాగానే ఉంటుంది. ఆదివారం రాత్రి, సంక్రాంతి సెలవులు, మా దగ్గర ఇండెంట్లు క్వార్టర్ వారీగా నడిచేవి కాబట్టి క్వార్టర్ చివరి వారం, అసలు రంగు అప్పుడు తెలుస్తుంది. అలాగని చెడ్డ రోజులే ఏరుకోకండి, మీ లెక్కను ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. లాటరీలా చీటీలు తీసి తేదీలు, వేళలు ముందే ఖాయం చేసుకోండి, బయటికి చెప్పకండి.

లోపలికి వెళ్లాలంటే సూపరింటెండెంట్ గారి అనుమతి కావాలి. ముందు ఆయన్ని కలవండి, పత్రికలవాళ్లతో కలిసి కాదు. రిజిస్టర్ చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద నకళ్లు అడగొచ్చు, రికార్డు స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా అందులో ఉంది. జవాబుకి గడువు 30 రోజులు. అయితే ఆ దరఖాస్తు పడిన రోజు నుంచి వార్డులో ఎవరూ మీతో మనసు విప్పి మాట్లాడరు, అది గుర్తుంచుకుని వేయండి. ఎవరు డ్యూటీలో ఉన్నారన్నది మీ కాగితం మీద ఎక్కడా ఉండకూడదు. సిస్టర్లు నిజం చెప్పేది దాన్ని బట్టే.

యాప్ అక్కర్లేదు. గీతల నోటుబుక్కు, ఆ తర్వాత ఎక్సెల్ చాలు. గడులు ఇవి: తేదీ, వేళ, వార్డు, ఏ పని, ఏ వస్తువు లేదు, ఎంతసేపటికి వచ్చింది. చివరి గడి ఖాళీగా వదలకండి. స్టోర్ తెరిచి ఇచ్చారా, పక్క వార్డు నుంచి అప్పు తెచ్చారా, పేషెంటు తాలూకు వాళ్లు బయట కొన్నారా, కొంటే ఎంతయింది, లేక అది లేకుండానే గడిపేశారా అన్నది కూడా అందులోనే రాయండి.