టి టౌరి నక్షత్రానికి స్పెక్ట్రల్ ఇండెక్స్ మైనస్ 1.8 రావడం

మీ టి టౌరి నక్షత్రానికి (ఇంకా ఎదుగుతున్న కుర్ర నక్షత్రం) స్పెక్ట్రల్ ఇండెక్స్, అంటే ఫ్రీక్వెన్సీతో రేడియో తీవ్రత ఎలా మారుతుందో చెప్పే అంకె, మైనస్ 1.8 ఎందుకొచ్చిందని అడిగారు. తేడా తేదీల్లో ఉంది. 5 గిగాహెర్ట్జ్ కొలత ఒక నెలది, 8 గిగాహెర్ట్జ్‌ది ఇంకో నెలది అన్నారు. కుర్ర నక్షత్రాల మీద అయస్కాంత జ్వాల లేస్తే రేడియో తీవ్రత గంటల్లో ఎన్నో రెట్లు మారుతుంది. ఆ రెండు అంకెలతో ఇండెక్స్ తీయకండి.

1. ఒకే రోజు డేటాలో బ్యాండ్‌ను (కొలిచిన ఫ్రీక్వెన్సీల పరిధిని) రెండు ముక్కలు చేసి మళ్లీ లెక్కించండి. 0.6 దగ్గర వస్తే జెట్ (నక్షత్రం చిమ్మే వాయుధార) లేదా నక్షత్ర పవనం అనుకోవచ్చు.

2. చాలామంది వదిలేసేది స్టోక్స్ వి ఇమేజ్, అంటే రేడియో తరంగాల్లో వృత్తాకార ధ్రువణం (తరంగం గుండ్రంగా తిరుగుతూ రావడం) ఎంతుందో చూపే చిత్రం. కాసా (రేడియో డేటా సాఫ్ట్‌వేర్)లో ఇమేజ్ తయారుచేసే టీక్లీన్ నడిపేటప్పుడు స్టోక్స్ దగ్గర 'ఐ' (మొత్తం తీవ్రత) బదులు 'ఐవి' ఇవ్వండి. వీఎల్ఏ (అమెరికాలోని రేడియో టెలిస్కోపు) ఫీడ్‌లు వృత్తాకార ధ్రువణాన్నే నేరుగా అందుకుంటాయి కాబట్టి మొదటి చూపుకు వేరే ధ్రువణ క్యాలిబ్రేషన్ అక్కర్లేదు. వృత్తాకార ధ్రువణం స్పష్టంగా కనిపిస్తే అది చాలావరకు జైరోసింక్రోట్రాన్, అంటే అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్ల పని. ఈ రకానికి పేరిచ్చిన అసలు టి టౌరి దక్షిణ తోడు నక్షత్రంలోనూ ఇలాగే దొరికింది. అయితే మీ నక్షత్రం ఇమేజ్ మధ్యలో లేకపోతే జాగ్రత్త, అక్కడ పరికరమే దొంగ ధ్రువణం చూపిస్తుంది. వి‌లో ఏమీ లేకపోయినా థర్మల్ (వేడి వాయువు నుంచి వచ్చేది) అని రాసేయకండి.

3. స్కాన్‌వారీగా (పరిశీలనలోని ఒక్కో విడతకు) తీవ్రత గీయండి. గంటల్లో ఎగిరిపడితే అది జెట్ కాదు.

మీ నల్గొండ హాస్టల్ నెట్‌తో మొత్తం డేటా దించాలంటే తెల్లారుతుంది. క్యాలిబ్రేట్ అయిన ఒక్క రోజుది చాలు.