దినాన్‌లో కోట ఒక్కటి చాలా, చర్చి కూడా చూడాలా?

బ్రస్సెల్స్ నుంచి ఒక్కరోజు ట్రిప్‌కి దినాన్ వెళ్తున్నామని, కొండ మీది కోట చూసొస్తే సరిపోతుందా, కింద చర్చికి కూడా టైమ్ పెట్టుకోవాలా అని అడిగారు. తప్పకుండా పెట్టుకోండి. నన్నడిగితే ముందు చర్చి, ఆ తర్వాతే కోట. బెల్జియంలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఇంటి నుంచి ఎవరొచ్చినా ఆ ఊరు చూపిస్తుంటాను. అందరూ దిగగానే రోప్‌వే వైపు పరుగెడతారు. చర్చిని ఫోటోకి వెనకాల బొమ్మలా చూసి వదిలేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది.

ఒక పక్క మ్యూజ్ నది, ఇంకో పక్క నిట్టనిలువుగా సున్నపురాతి కొండ. మధ్యలో మిగిలిన సన్నటి నేల మీదే పాత ఊరంతా. నోత్ర్ దామ్ చర్చి కొండను దాదాపు ఆనుకునే ఉంటుంది. 1228లో ఆ కొండ చరియలు విరిగిపడి, అప్పటికి అక్కడున్న రోమనెస్క్ (మందపాటి గోడలు, గుండ్రటి కమానుల పాత శైలి) చర్చి కూలిపోయింది. అయినా చోటు మార్చలేదు. అదే కొండ కింద, అదే శతాబ్దంలో, మొనదేలిన కమానులుండే గోతిక్ శైలిలో మళ్ళీ కట్టుకున్నారు. ఇది తెలిశాక ఆ గోడ పక్కన నిలబడి తలెత్తి చూడండి, పైన వేలాడుతున్న బండ ఇంకోలా కనిపిస్తుంది.

ఉత్తరం వైపు పాత గుమ్మం ఒకటుంది, దాన్ని మాత్రం వదలకండి. కూలిన చర్చిలో మిగిలింది అదే. అరిగిపోయిన ఆ చెక్కడాలను దగ్గరికెళ్ళి తీరిగ్గా చూడాలి. లోపల బూడిదరంగు రాతి స్తంభాలు, వాటి మీద పెద్ద రంగుటద్దాల కిటికీ నుంచి పడే వెలుగు. ఎండున్న రోజైతే మీ అదృష్టం. పైన ఉల్లిగడ్డలాంటి బుర్జు మాత్రం తర్వాత 16వ శతాబ్దంలో చేర్చింది.

ఊరు పడ్డ బాధలు కొండ వల్ల వచ్చినవే కాదు. 1466లో బర్గండీ డ్యూక్ సైన్యం ఊరిని నేలమట్టం చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 ఆగస్టు 23న, జర్మన్ సైనికులు 674 మంది మామూలు జనాన్ని చంపేశారు, ఇళ్ళు తగలబెట్టారు. చర్చి కూడా దెబ్బతింది, మళ్ళీ బాగు చేసుకున్నారు. కోటలో ఆ యుద్ధం గురించి చూపిస్తారు. కింద చర్చి చూసి వెళ్తే ఆ కథ మనసుకి ఎక్కువ తగులుతుందని నా నమ్మకం.

ఇక వెళ్ళే పద్ధతి. రైల్వే స్టేషన్ నదికి అవతలి ఒడ్డున ఉంది. వంతెన ఎక్కే ముందు అక్కడే ఆగి నది, చర్చి, కొండ, కోట నాలుగూ ఒకేసారి చూడండి. వంతెన మీద రంగురంగుల శాక్సోఫోన్ బొమ్మలుంటాయి, ఆ వాయిద్యం కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ 1814లో పుట్టింది ఈ ఊళ్ళోనే. చర్చి చూశాక పక్కనుంచే కోటకి 408 మెట్లున్నాయి. పెద్దవాళ్ళు వెంట ఉంటే మెట్ల జోలికి పోకండి, రోప్‌వే నడిచే వేళలు ముందే చూసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు కూక్ అనే బిస్కెట్ కొనుక్కోండి. పిండి, తేనె కలిపి చెక్క అచ్చుల్లో ఒత్తి కాలుస్తారు, రాయిలా ఉంటుంది. పిల్లలకిచ్చేటప్పుడు నేరుగా కొరకొద్దని చెప్పండి. చిన్న ముక్క విరిచి నోట్లో నానబెట్టుకోవాలి, కాఫీలో ముంచినా బాగుంటుంది.