డాక్టర్ సలహా: మాత్ర వేసుకుంటే నెలసరి వస్తుంది, మరి ఆగిన కారణం?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, పెళ్లి కాలేదు. మాది హిందూపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ నైట్‌షిఫ్టు చేస్తున్నాను. ఏడాదిలో 7 కిలోలు పెరిగాను. గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి. నెలసరి వచ్చి 70 రోజులైంది. ఇదివరకు ఇలాగే ఆలస్యమైతే మెడికల్ షాపులో ఐదు రోజులకు మాత్రలిచ్చారు, వచ్చేసింది. మళ్లీ అవే వాడనా? అమ్మేమో నువ్వులు, బెల్లం తినమంటోంది.
- ఒక సోదరి, బెంగళూరు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఆ మాత్రల్లో ఉండేది సాధారణంగా ప్రొజెస్టిరాన్ రకం హార్మోను. ఆపిన 2 నుంచి 7 రోజుల్లో బ్లీడింగ్ అవుతుంది. అది చూసి అంతా సర్దుకుందనుకుంటాం. అండం ఎందుకు విడుదల కావడం లేదో మాత్రం తేలదు.

ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. పెళ్లి కాలేదని రాశారు, నేను అనుమానించి చెప్పడం లేదు. నెలసరి ఆగిందని ఎవరొచ్చినా మేం మొదట చేయించేది అదే. టెన్షన్ పడకండి.

మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) కావచ్చనిపిస్తోంది. కానీ థైరాయిడ్ గానీ, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోను గానీ తేడా చేసినా డేట్ తప్పుతుంది. అందుకే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్ (మగ హార్మోను), షుగర్ పరీక్షలతో పాటు స్కానింగ్ కూడా రాస్తారు. స్కాన్‌లో 'నీటి బుడగలు' అన్నారని కొందరు ఏడుస్తూ వస్తారు. అవి గడ్డలు కావు, పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండాల తిత్తులు.

నైట్‌షిఫ్టు వాళ్లను నేను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: గ్యాస్‌కి ఏం వేసుకుంటున్నారు? రాత్రి రెండింటికి బిర్యానీ, పొద్దున పరగడుపున ఓ క్యాప్సూల్. వాటిలో కొన్నింటిలో డోమ్‌పెరిడోన్ అనే వాంతుల మందు కలిసి ఉంటుంది. అది ప్రొలాక్టిన్‌ను పెంచి నెలసరిని ఆపేయగలదు. స్ట్రిప్ వెనక చదవండి, డాక్టరుకూ చూపించండి. రొమ్ముల నుంచి పాలలాంటిది వస్తున్నా, తలనొప్పితో చూపు మసకబారుతున్నా దాచకుండా చెప్పాలి.

థైరాయిడ్, ప్రొలాక్టిన్ తేడాలకు మందులున్నాయి. పీసీఓఎస్ అయితే బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. 70 కిలోలుంటే మూడున్నర నుంచి ఏడు కిలోలన్నమాట. నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. కాబట్టి కనీసం మూడు నెలలకోసారైనా బ్లీడింగ్ అయ్యేలా చూస్తాం. అందుకు మీరడిగిన మాత్రే రాయొచ్చు, కాకపోతే పరీక్షలయ్యాక.

నువ్వులుండలు నిక్షేపంగా తినండి, వాటితో నెలసరి మాత్రం రాదు. బెల్లం బరువునూ పెంచుతుంది, అమ్మకు చెప్పండి! ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు గత ఆరు నెలల డేట్లు రాసుకెళ్లండి. ఈలోగా పొత్తికడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.