గ్రే రంగు ఇల్లు: షేడ్ చివర్లో ఎంచుకోండి, మిగతావన్నీ ముందు

రెండంతస్తుల పెద్ద ఇల్లు కడుతున్నాం, బయటంతా గ్రే వేయాలని ఉంది, కానీ ఖర్చంతా పెట్టాక రంగు వేయని సిమెంటు గోడలా కనిపిస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది, ఏ షేడ్ వేయాలి, దాని పక్కన ఏం పెట్టాలి అని అడిగారు. నేను ఆర్కిటెక్ట్‌ని కాను. మా ఇంటికి గ్రే వేయించి, నచ్చక రెండేళ్లకే మళ్లీ గ్రేనే వేరేలా వేయించాను. రెండోసారి వేసింది ఇప్పటికీ రోజూ చూసి సంతోషపడుతున్నాను. ఈ రెండింటికీ మధ్య తెలుసుకున్నవి రాస్తున్నాను.

మొదటిసారి షేడ్ కార్డు చూసి లేత గ్రే ఎంచుకున్నాం. షాపులో లైటు కింద అది చక్కటి బూడిద రంగు. గోడకు ఎక్కాక మాత్రం ఎండ పడే ముందు గోడ దాదాపు తెల్లగా కనిపించింది. నీడలో ఉండే పక్క గోడ లేత నీలంగా మారింది. ప్రహరీకి అంటించిన ఎర్ర రాయి పక్కన అదే రంగు కాస్త పచ్చగా కొట్టింది. డబ్బాల్లో రంగు తేడాగా కలిపారనే అనుకున్నాం. మిగిలిన రంగు ఒక అట్టముక్కకు వేసి మూడు గోడల దగ్గరా పెట్టి చూశాను. అది ఏ గోడ దగ్గర పెడితే ఆ గోడలో కలిసిపోయింది. అంటే రంగు ఒకటే. మారుతున్నది దాని మీద పడే వెలుతురు, దాని పక్కనున్న వస్తువు.

దీనికి కారణం చాలా పాతదే. పారిస్‌లో గోబ్లాఁ అనే పెద్ద నేత కర్మాగారం ఉంది. అప్పట్లో అక్కడి రంగుల విభాగం చూసిన షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల దారం సరిగ్గా నల్లగా ఉండటం లేదని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే దారం బాగానే ఉంది. పక్కన నేసిన రంగు వల్ల కంటికి అది వేరేలా కనిపిస్తోంది. ఈ పరిశీలనల్నే ఆయన 1839లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఏ రంగైనా పక్కదాన్ని తన ఎదురు రంగు వైపు నెడుతుంది. ఎరుపు పక్కన గ్రే పచ్చగా, పసుపు పక్కన ఊదాగా అనిపిస్తుంది. ముదురు నీలానికో, ముదురు ఎరుపుకో సొంత బలం ఉంటుంది కాబట్టి ఈ తేడా పెద్దగా తెలియదు. గ్రేకు ఆ బలం లేదు. పైగా నీడ గోడ మీద పడేది నేరుగా సూర్యుడి వెలుతురు కాదు, ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుతురు. మా పక్క గోడ నీలంగా మారింది అందుకే.

కాబట్టి నా సలహా ఒక్కటే: గ్రే షేడ్‌ను అన్నిటికన్నా ఆఖరున ఖాయం చేయండి. తర్వాత మార్చలేని వాటిని ముందు తేల్చుకోండి. గోడకు వేసే రాయి, కిటికీ ఫ్రేములు, పైకప్పు, వాకిట్లో పరిచే బండలు, గేటు. వాటి నమూనాలు చేతికొచ్చాక వాటి పక్కన పెట్టి గ్రే చూడండి. చాలామంది ముందు ఫొటో చూసి షేడ్ పేరు రాసుకుంటారు, ఆ తర్వాత రాయి కొనడానికి వెళ్తారు. మేమూ అలాగే చేశాం.

రెండోసారి నాలుగు షేడ్లు తెప్పించి, మూడడుగుల పలకలు నాలుగింటికి ఒక్కోదానికి రెండేసి కోట్లు వేశాం. గోడ మీదే నేరుగా వేయొద్దు, చుట్టూ ఉన్న పాత రంగు కన్నును మోసం చేస్తుంది. పలకలైతే ఏ గోడకైనా ఆనించొచ్చు. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, మబ్బు పట్టిన రోజు, రాత్రి లైట్లు వేశాక, ఇలా వారం రోజులు చూశాం. దగ్గర నిలబడి కాదు, వీధి అవతలి నుంచి. నాలుగూ ఒక్కచోట పెట్టగానే ఒకటి నీలంగా, ఒకటి పచ్చగా, ఒకటి ఊదాగా, ఒకటి మట్టిరంగు కలిసినట్టుగా తేలిపోయాయి. విడిగా చూస్తే నాలుగూ వట్టి గ్రేనే. మట్టిరంగు కలిసిన దాన్నే తీసుకున్నాం, ఎందుకంటే నీడ గోడ మీద ఆకాశపు నీలాన్ని అది కొంత సర్దుతుంది.

ఎంత ముదురు వేయాలన్నది ఇంకో విషయం. రంగుల కంపెనీలు షేడ్ వెనుక ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఇస్తాయి. పడిన వెలుతురులో ఆ రంగు ఎంత శాతం తిప్పి పంపుతుందో అది చెబుతుంది, నలుపు 0, తెలుపు 100. 50 ఉంటే నడిమి గ్రే అనుకుంటాం. కానీ మన కంటికి తెలుపు నలుపుల మధ్యలో సరిగ్గా ఉన్నట్టు అనిపించే గ్రే వెలుతురులో సుమారు 18 శాతమే తిప్పి పంపుతుంది. ఫొటోగ్రాఫర్లు వాడే గ్రే కార్డు కూడా అదే. అందుకే 60 అంకె ఉన్న మా మొదటి గ్రే ఎండలో తెల్లబోయింది. రెండోసారి 35 దగ్గర ఆగాం. మరీ కిందికి వెళ్లి బొగ్గు రంగు ఇల్లంతా వేస్తే ఎండకు గోడ బాగా వేడెక్కుతుంది, సన్నటి పగుళ్లు, దుమ్ము కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దుమ్మునూ మరకల్నీ ఎక్కువ దాచేది మధ్యరకం గ్రేనే.

ఇప్పుడు మీ అసలు భయం, సిమెంటు గోడలా కనిపించడం. ఇది రంగుతో తీరేది కాదు. సిమెంటు గోడ వెలితిగా కనిపించేది గ్రేగా ఉన్నందుకు కాదు, దాని మీద ఎవరూ ఏమీ ఆలోచించలేదని తెలిసిపోతున్నందుకు. జపాన్‌లోని ఒసాకాలో తదావో ఆందో అనే ఆర్కిటెక్ట్ 1976లో కట్టిన చిన్న ఇల్లు ఉంది, వీధి వైపు కిటికీ కూడా లేని వట్టి కాంక్రీటు గోడ. ఆయన కాంక్రీటులో సెంట్రింగ్ పలకల అతుకు గీతలు, బోల్టుల గుంటలు కూడా కొలత ప్రకారం వస్తాయి. ఆ గోడకు రంగు లేదు, రాయి లేదు, కానీ అది పూర్తికాని గోడ అని ఎవరూ అనరు. గీత ఎక్కడ రావాలో ముందే నిర్ణయించి ఉంటుంది కాబట్టి.

మామూలు ప్లాస్టరింగ్ గోడకూ ఇది చేయొచ్చు. మా ఇంట్లో రెండోసారి ముందు గోడను కొంత చెక్కించి గ్రూవులు పెట్టించాం. ఒక గ్రూవు కిటికీ పై అంచుతో, ఇంకోటి కింది అంచుతో కలిసేలా గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. ఆ పని చేసిన మేస్త్రి దారం కట్టి రెండు రోజులు కొలతలకే తీసుకున్నాడు. ఇల్లంతటికీ ఖర్చు పెట్టిన వాటిలో దానికున్నంత విలువ ఇంకదేనికీ లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మీది ఇంకా కడుతున్న ఇల్లు కాబట్టి మీకు ఇంకా మంచి అవకాశం ఉంది. కిటికీల్ని గోడ బయటి అంచుకు కాకుండా నాలుగైదు అంగుళాలు లోపలికి పెట్టించండి. పోర్టికో, బాల్కనీ ఒకదానికంటే ఒకటి ముందుకో వెనక్కో ఉండేలా చూడండి. గ్రే మీద నీడ చాలా అందంగా పడుతుంది. తెల్ల గోడ మీద నీడ కటువుగా ఉంటుంది, నల్ల గోడ మీద కనపడదు. గ్రే గోడ మీద పొద్దున ఉన్న నీడ సాయంత్రానికి మెల్లగా మారడం తెలుస్తుంది. ఖరీదైన ఇల్లు అనిపించేది ఇక్కడే.

గ్రే పక్కన ఏం పెట్టాలి అంటే, చెక్క అని వెంటనే చెబుతాను. కాలిఫోర్నియాలో లూయీ కాన్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ ఫొటోలు చూడండి. 1965లో పూర్తయింది. అంతా కాంక్రీటు, కిటికీల చుట్టూ మాత్రం టేకు పలకలు, కింద ట్రావర్టైన్ అనే లేత రంగు సున్నపురాయి. మూడే వస్తువులు. అయితే బయట పెట్టిన చెక్క ఎండకు వెండి రంగుకు తిరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పీచుల్ని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది. సాల్క్‌లోని టేకుకు కూడా పెద్ద మరమ్మతు అవసరమైంది, అది 2017లో పూర్తయింది. అందుకే చెక్కను ఎండా వానా నేరుగా తగిలే గోడకు కాకుండా పోర్టికో సీలింగుకు, ముఖద్వారానికి, బాల్కనీ అడుగుకు వాడండి. కింద నిలబడి చూసేవాళ్లకు అక్కడే బాగా కనిపిస్తుంది, నూనె పట్టించే పని కూడా తగ్గుతుంది. చెక్కలా కనిపించే టైల్స్ బయట గోడకు నాకు నచ్చవు. దూరం నుంచి సరే, దగ్గరికొస్తే ఒకే గీతల బొమ్మ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

రాయి పెడితే మూల తిప్పండి. ముందు గోడకు మాత్రమే రాయి వేసి మూల దగ్గర ఆపేస్తే, పక్క నుంచి చూసినప్పుడు అంగుళం మందం కనపడి స్టిక్కరులా ఉంటుంది. కనీసం రెండడుగులైనా పక్క గోడ మీదికి తీసుకెళ్లి, ఏదైనా లోపలి మూల దగ్గర ఆపితే గోడే రాతితో కట్టినట్టు ఉంటుంది. గ్రే పెయింటుకు, గ్రే రాయికి షేడ్ దగ్గరగా ఉండీ కలవకపోతే చాలా చెడ్డగా కనిపిస్తుంది. రెండు మూడు మెట్లు తేడా ఉండనివ్వండి.

ఫ్రేములు నల్లవి గానీ ముదురు కాంస్యం రంగువి గానీ బాగుంటాయి. తెల్ల ఫ్రేములు కూడా తప్పేం కాదు, కానీ అప్పుడు పిట్టగోడ అంచు, బాల్కనీ అంచు కూడా తెల్లగానే ఉండాలి, లేకపోతే కిటికీలు మాత్రమే విడిగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

నీళ్ల గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. లేత గ్రే మీద వాన నీటి నల్లచారలు ఏడాది కాకముందే వచ్చేశాయి మాకు. పిట్టగోడ పైభాగం బల్లపరుపుగా ఉండటంతో దాని మీది దుమ్మంతా బయటి గోడ మీదికి కారింది. పైభాగం వాలు డాబా లోపలికి ఉండాలి. సన్‌షేడ్ల అడుగున, కిటికీ గట్ల అడుగున అంచుకు దగ్గరగా అర అంగుళం గాడి పెట్టించండి. నీటిబొట్టు ఆ గాడి దాటలేక అక్కడే కింద పడుతుంది, గోడ మీదికి పాకదు. ప్లాస్టరింగ్ అయ్యాక ఇరవై ఎనిమిది రోజులు ఆరనివ్వకుండా రంగు వేయొద్దు. తడి బయటికి వస్తూ ఉప్పును తెస్తుంది, ఆ తెల్లటి పొర గ్రే మీద దాగదు. తుప్పు రంగు కోసమే తయారుచేసే కార్టెన్ స్టీలు గ్రే పక్కన అద్భుతంగా ఉంటుంది, కానీ దాని నీళ్లు గోడ మీదికో బండల మీదికో కారకుండా ముందే దారి చూడాలి.

బయటి లైట్లు 2700 నుంచి 3000 కెల్విన్ మధ్యలో తీసుకోండి (కెల్విన్ అంటే లైటు వెలుతురు రంగును చెప్పే అంకె, తక్కువైతే పసుపు వైపు ఉంటుంది). మొదట మేం తెల్లగా వెలిగే 6500వి పెట్టాం, రాత్రిపూట ఇల్లు ఆఫీసులా ఉండేది. లైట్లు మార్చిన రోజే పెయింటు మీద నా కోపం సగం పోయింది. గోడ పక్కనే కింద నుంచి పైకి కొట్టే లైటు గరుకు రాయికి బాగుంటుంది. నున్నటి ప్లాస్టరింగుకు పెడితే ప్రతి ఎగుడుదిగుడూ బయటపడుతుంది, అక్కడ కాస్త దూరం నుంచి వెలుతురు పడేలా చూడండి.

మొక్కలకు గ్రే కన్నా మంచి గోడ లేదు. పొడుగ్గా, పెద్ద ఆకులుండేవి రెండు మూడు చాలు.

మీరు రాసినదాన్ని బట్టి నేనైతే ఇలా చేస్తాను. ఇంటి పెద్ద గోడలకు మట్టిరంగు కలిసిన మధ్యరకం గ్రే, మెరుపు లేని ఫినిష్. లోపలికి నొక్కుకున్న భాగాలకు మాత్రమే బొగ్గు రంగు. పోర్టికో సీలింగుకు చెక్క, ఒకే ఒక్క గోడకు రాయి. మీ ఇంటి ముందు గోడకు ఏ పూట ఎండ పడుతుంది, రాయి ఇప్పటికే కొన్నారా, ఫ్రేములు బిగించేశారా, ఈ మూడూ చెబితే షేడ్ ఎటు జరపాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను. ఫ్రేములు ఇంకా బిగించకపోతే మాత్రం ఆ నాలుగైదు అంగుళాల మాట ఈ వారమే మేస్త్రితో మాట్లాడండి, గోడ లేచాక దాన్ని మార్చడం కష్టం.